బిళ్ళ లేని ఉత్తరం



మన ఊళ్ళలో తపాలా బిళ్ళలు సేకరించేవారు చాలామంది ఉన్నారు. ఉత్తరాలు సేకరించేవారు అరుదు. బిళ్ళ కోసం ఉత్తరాన్ని కత్తిరించి పారవేసే అలవాటు మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, పిల్లలకు మొదట నేర్పే విద్య కూడా అదే: కవరు మూల కత్తిరించు, నీళ్ళలో నానబెట్టు, బిళ్ళ ఊడదీసి పుస్తకంలో అంటించు. ఈ అలవాటు మానుకోవాలని నా అభిప్రాయం. మనం బ్లాగు రచనకు టపా అని పేరు పెట్టుకున్నవాళ్ళం గనుక, అసలు టపాను గురించి నాలుగు మాటలు చెప్పడం అసందర్భం కాదనుకుంటాను.

ఉత్తరం బిళ్ళ కంటె పెద్దది. మనదేశంలో 1854 అక్టోబరు 1 నుండి దూరంతో నిమిత్తం లేకుండా ఒకే రుసుము అమలులోకి వచ్చింది. పావు తులం దాటని ఉత్తరానికి అర్ధణా. అంతకు ముందు బరువును, దూరాన్ని బట్టి రుసుము కట్టవలసి వచ్చేది. పంపినవాడు కట్టవచ్చు, లేదా అందుకున్నవాడు కట్టి విడిపించుకోవచ్చు. ఆనాటి ఉత్తరానికి బిళ్ళ లేదు, చాలాసార్లు కవరూ లేదు. వ్రాసిన కాగితాన్నే మడిచి, లక్క వేసి, పైన చిరునామా వ్రాసేవారు. తరువాతి కాలంలో కూడా బిళ్ళ లేకుండా వేసిన ఉత్తరానికి అందుకున్నవాడు రెట్టింపు కట్టవలసిందే. "బేరింగు ఉత్తరం" అన్న మాట మన పెద్దల నోట నిలిచిపోవడానికి కారణమదే.

మన సాహిత్యంలో గొప్ప యాత్రాగ్రంథం ఆ బిళ్ళ లేని కాలంలోనే పుట్టింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. దారి పొడుగునా చూసినవి ఎప్పటికప్పుడు వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపగా, వారు 1838లో అచ్చు వేయించారు. ఆ మిత్రుడు కాగితాలను భద్రపరచకపోతే మనకు కాశీయాత్ర చరిత్ర లేదు. అయితే అచ్చులోకి మాటలు వస్తాయి గాని, మడత, ముద్ర, దస్తూరి రావు. అవి కావాలంటే ఉత్తరాన్ని ఉత్తరంగానే దాచాలి.

ఈ సంగతి అమెరికావారు మనకంటె ముందే గ్రహించారు. అక్కడ బిళ్ళలు వచ్చినది 1847లో. 1845 వరకు దూరాన్నీ, కాగితాల సంఖ్యనూ బట్టి రుసుము. కవరు వేస్తే అదీ ఒక కాగితం కిందనే లెక్క. రుసుము ముందుగా చెల్లించడం 1855లోను, బిళ్ళ అంటించడం 1856లోను తప్పనిసరి అయినవి. ఆ పూర్వకాలపు ఉత్తరాలను అక్కడి సేకర్తలు కత్తిరించలేదు. ఊరి ముద్రలను, రుసుము గుర్తులను ఊరివారీగా జాబితా కట్టి పుస్తకాలు వేసుకున్నారు.

మరి మన సంగతి? మా కొత్తగూడెం ఒకప్పుడు నిజాం రాజ్యంలోనిది. ఆ రాజ్యానికి 1869 నుండి సొంత బిళ్ళలుండేవి. 1871 నాటి బిళ్ళల మీద వెల పారశీక లిపిలోను, ఆంగ్లంలోనే కాక, తెలుగు, మరాఠీలలో కూడా ఉన్నది. ఆ బిళ్ళ సంస్థానం పొలిమేర దాటితే చెల్లదు. ఇక్కడి నుండి బెజవాడకు ఉత్తరం వేయాలంటే బ్రిటిషు ఇండియా బిళ్ళ కావాలి. ఒకే భాష మాట్లాడే జనం మధ్య రెండు తపాలాలు! 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఈ విభజనను చరిత్ర పుస్తకం ఒక వాక్యంలో చెబుతుంది. ఒక కవరు కళ్ళకు కట్టిస్తుంది.

నా వద్ద గనికార్మికుల పాత ఉత్తరాలు కొన్ని ఉన్నాయి. చిత్తుకాగితాల కొట్టులో తూకానికి కొన్నవి. వాటిలో మూడింటిలో పంపినవారి పేర్లు వేరు, ఊళ్ళు వేరు. దస్తూరి మాత్రం ఒక్కటే. చదువు రాని ముగ్గురికి ఒకరెవరో వ్రాసిపెట్టారన్నమాట. మూడూ "ఉభయకుశలోపరి" తోనే మొదలై, రెండో పంక్తికల్లా పలుగూ పారా భాషలోకి దిగుతాయి. గ్రాంథిక మర్యాదా, వాడుక మాటా ఒకే కాగితం మీద ఎలా కలిసి కాపురం చేశాయో చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం నాకు దొరకలేదు. నాలుగో ఉత్తరంలో బిళ్ళ కోసం ఎవరో మూల కత్తిరించారు. దాని వెనుక వైపున ఇంటికి పంపిన సొమ్మెంతో చెప్పే పంక్తి ఉండేది. "పంపిన రూపాయలు" వరకే మిగిలింది. ఎన్ని రూపాయలో ఆ కత్తెరతోనే పోయింది.

పరుల ఉత్తరాలు చదవడం తగునా అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. దాచడం వేరు, చాటడం వేరు. బంధువులు తెలిసినచోట వారి అనుమతి అడగాలి. తెలియనిచోట పేర్లు కప్పిపెట్టి దస్తూరినీ, ముద్రనూ, మాటనూ చూపవచ్చు. మర్యాద పేరుతో తూకానికి వేయడం మాత్రం మర్యాద కాదు.

కనుక మనవి ఇది. పెట్టె అడుగున ఉత్తరాలుంటే కత్తిరించకండి. మడత విప్పి నీడలో ఆరనివ్వండి. ఇనుప గుండుసూదులు తీసివేయండి, తుప్పు కాగితాన్ని తింటుంది. ఉత్తరాన్నీ కవరునూ విడదీయకండి. ఎవరు ఎవరికి ఎక్కడి నుండి వ్రాశారో తెలిసిన పెద్దలు ఉండగానే వేరే కాగితం మీద వ్రాసి జతచేయండి. ఆల్బములో చేరిన బిళ్ళకు వెల కట్టేవారు ఎక్కడైనా దొరుకుతారు. చిరునామా చూసి, "ఇది మా తాతది" అని గుర్తుపట్టేవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.