కరెంటు పెట్టించుకున్న ఏడు వారాలు

పోయినవారం మామిడికాయ తొక్కు గురించి చెప్పుకున్నాం కదా! ఈ వారం ఉప్పూ కారం పులుపూ తగ్గించిన వంట గురించి చెబుతాను. ఎందుకంటారా? మా వారికి గొంతు క్యాన్సర్ వచ్చి, రేడియేషన్ పూర్తయి రెండేళ్లు నిండాయి. ఇన్నాళ్లూ ఈ సంగతి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మొన్న మా వీధిలో ఒకామె వచ్చి, "అక్కా, మా ఆయనకు గొంతుకు కరెంటు పెడతరంట, ఏం వండి పెట్టాలె?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెతో చెప్పిన మాటలే మీతోనూ చెబుతున్నాను.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. మా మరిది వాళ్లు ఎల్.బి.నగర్‌లో ఉంటారు. మా వారి గొంతు బొంగురుపోతే జలుబనుకుని నేను రెండు నెలలు మిరియాల కషాయం కాచి పోశాను. అది నా పొరపాటు. మీరు అలా చేయకండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే వెంటనే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. సిగరెట్టు, బీడీ, జర్దా, మందు అలవాటున్న వాళ్లయితే అసలు ఆలస్యం చేయొద్దు. మా వారిది సిగరెట్టు అలవాటే.

రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ ఉన్న ఎం.ఎన్.జె. సర్కారు క్యాన్సర్ ఆస్పత్రిలో చూపించాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకసారి, మొత్తం 35 సార్లు అన్నారు. అంటే ఏడు వారాలు. మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించమన్నారు. తల కదలకుండా ముఖానికీ మెడకూ సరిపోయే ప్లాస్టిక్ ముసుగు చేసి బల్లకు బిగిస్తారు. కొద్ది నిమిషాల పని, ఆ సమయంలో నొప్పేమీ ఉండదు. మధ్యలో రోజులు పోగొట్టుకుంటే వైద్యం ఫలితం తగ్గుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"పిల్లల్ని వాడి దగ్గరికి పోనియ్యకే, ఒంట్ల కరెంటు ఉంటది" అని మా అత్తమ్మ భయపడింది. ఇలా బయటి నుంచి యంత్రంతో పెట్టే రేడియేషన్ ఒంట్లో మిగలదు, పక్కవాళ్లకు అంటదు. పిల్లలు ఒళ్లో కూచున్నా ఏం కాదు. డాక్టరమ్మతో ఈ మాట అత్తమ్మకు చెప్పించాకే ఆమె మనసు కుదుటపడింది.

రోజూ పోయి రావడమే పెద్ద పని. పొద్దున మెట్రో దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి సీట్లన్నీ నిండిపోతాయి. మా మరిది మొదటి స్టేషన్ ఎల్.బి.నగర్‌లో ఎక్కి, సీటు పట్టుకుని, ఎన్నో డబ్బాలో ఉన్నాడో ఫోన్ చేసేవాడు. మేం ఎక్కగానే లేచి అన్నను కూచోబెట్టి, లక్డీకాపూల్ దాకా నిలబడే వచ్చేవాడు. అక్కడి నుంచి తన ఆఫీసుకు పోయేవాడు. ఏడు వారాల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు.

రెండో వారం దాటాక అసలు కష్టం మొదలైంది. నోరంతా పుండ్లు, నోట్లో తడి లేదు, ఏది తిన్నా మట్టిలా ఉందనేవారు. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమన్నారు. పల్చటి రాగిజావ, మిక్సీలో మెత్తగా తిప్పిన పెసరపప్పన్నంలో నెయ్యి, పాలలో రెండు చెంచాల పాలపొడి, చల్లారిన సేమియా పాయసం, ఇవే మా వంటలు. ఏదైనా గోరువెచ్చగానే ఇవ్వాలి, రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం. షుగరున్న వాళ్లకు తీపి సంగతి డాక్టరును అడగండి. మెడ మీద చర్మం కమిలిందని పసుపు, నూనె లాంటివి అడక్కుండా రాయకండి.

నాలుగో వారానికి ఆయన ఆరు కిలోలు తగ్గారు. ఆ శుక్రవారం రాత్రి జావ గిన్నె పక్కకు నెట్టేశారు. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "పిల్లల మొహం చూసైనా తినరా? సిగరెట్టు కాల్చేటప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?" అనేశాను. అప్పటికే ఆయనకు మాట సరిగా రావడం లేదు. మా చిన్నదాని పలక తీసుకుని రాశారు: "మింగితే గాజుపెంకులు దిగినట్టుంది. నువ్వు తినమన్నప్పుడల్లా తప్పుచేసినవాణ్ని అయిపోతున్నాను. సోమవారం నుంచి రాను."

ఆ పలక చేతిలో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. ప్రేమతోనే అన్నాననుకున్నాను, కానీ ఆయనకు అది తిట్టులాగే తగిలింది. పొద్దున్నే మా మరిది, తోటికోడలు వచ్చారు. ఎవరం తినమని అనలేదు. "అన్నా, సోమవారం ఒక్కసారి వచ్చి, మింగలేకపోతున్నానని డాక్టరమ్మకు నువ్వే రాసి చూపించు. తర్వాత నీ ఇష్టం" అన్నాడు మరిది. ఆయన తలూపారు.

సోమవారం ఆ పలకే డాక్టరమ్మ ముందు పెట్టారు. నొప్పికి మందు మార్చారు, ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. దానిలోంచి పాలూ జావా ఎలా పోయాలో నర్సమ్మ నాకు నేర్పింది. గొట్టంతో మెట్రోలో ఎలాగని ఆయన సిగ్గుపడితే, మా చిన్నది మాస్కు తెచ్చి కట్టింది. 2020 తర్వాత మాస్కును ఎవరు పట్టించుకుంటారు! 35 సార్లూ పూర్తయ్యాయి. అయిపోగానే బాధ తగ్గిపోలేదు, ఇంకో రెండు మూడు వారాలు ఎక్కువగానే ఉంది. తర్వాత మెల్లగా గొట్టం తీసేశారు.

ఇప్పుడు ఆయన గొంతు కొంచెం బొంగురే. నోరు ఎండుతుంది, పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే. పరీక్షలకు పోయి వస్తూనే ఉన్నాం. సిగరెట్టు మానేశారు, ఆ మాట ఇంట్లో ఎవరం మళ్లీ ఎత్తం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే బెంగపడి కూచోకండి. ఆస్పత్రికి పోయేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకుని ఆరోగ్యశ్రీ కౌంటర్లో అడగండి. పనులు నలుగురూ పంచుకోండి. తినలేకపోతుంటే బతిమాలి, తిట్టి తినిపించే బదులు డాక్టరుకు చెప్పండి. నాలా నాలుగో వారం దాకా ఆగొద్దు.

వచ్చేవారం చింతచిగురు పప్పు చేసుకుందాం. మా వారు కారం తగ్గించి రెండు ముద్దలు తింటున్నారు లెండి!