అద్దం మీద నడక

"ఏటి బాబూ, అద్దం మీద నడవమంటావేటి?"

భావనపాడులో మా కొత్త ఇంటి గడప దాటి లోపల తొలి అడుగు వేసినప్పుడు మా అమ్మ అన్న మాట ఇది. నేను నవ్వి ఊరుకున్నాను. తలుపుల చెక్క కంటే, గోడల రంగు కంటే ఆ నేలను చూసుకొనే మురిసిపోతున్న రోజులవి. పైన వెలిగించిన దీపం కింద కూడా వెలిగేది. ఏడాది తిరగకముందే, ఒక వానాకాలపు ఉదయాన వంటింటి నుంచి వసారాలోకి వస్తూ ఆవిడ ఆ అద్దం మీదనే జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది, ప్రాణభయం తప్పింది. కాని ఎనభైకి దగ్గరైన ఆ మనిషి ఇప్పుడు ఊతకర్ర లేనిదే పెరట్లోకి పోలేదు. ఆ నేలను ఏరికోరి వేయించినవాడిని నేనే గనుక ఈ వ్యాసంలో మొదటి ముద్దాయిని నేనే. ఆ మాట ముందుగా ఒప్పుకొని, తక్కిన ముద్దాయిల సంగతి విన్నవిస్తాను.

మా ఊరు తెలియనివారి కోసం నాలుగు మాటలు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఊరు. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు నౌపడ ఉప్పు మడులు. 2023 ఏప్రిల్ 19న మూలపేట పేరుతో శంకుస్థాపన జరిగిన రేవుకు మొదట చాలాకాలం వాడుకలో ఉన్న పేరు మా ఊరిదే. ఇక్కడ గాలిలో ఉప్పు, కాలికింద ఇసుక, ఇంటింటా చెమ్మ. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మా పాత ఇంటి కప్పును లేపుకుపోయింది. ఆ తరువాతనే శ్లాబు ఇల్లు, ఆ ఇంట్లో ఈ అద్దపు నేల.

అసలు విషయానికి వచ్చేముందు మన సాహిత్యమిత్రులతో ఒక తగవు తీర్చుకోవాలి. పేడతో అలికిన నేల, దాని మీద ముగ్గు, ఆ మట్టివాసన అంటూ పరవశించి వ్రాసేవారు మనలో తక్కువమంది కాదు. నేనూ వ్రాశాను. మా తాతగారిది తాటాకు చుట్టిల్లు, మట్టినేల. దానిని అలికినది తాతగారు కాదు, మా నాయనమ్మ. నడుము రెండుగా వంచి, చేత్తో పేడనీళ్ళు తీసి, మూల నుంచి గడప దాకా వెనక్కి జరుగుతూ అలికేది. వానాకాలంలో ఆ నేల ఆరేది కాదు. పసిపిల్లలు దాని మీదనే పాకేవారు. కవిత్వం వ్రాసిన మగవాళ్ళలో ఎవరి నడుమూ అందుకు వంగలేదు. కనుక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే శుభ్రపడే నేల కావాలని మా ఊరి ఆడవాళ్ళు కోరుకొంటే దానిని షోకు అనడానికి మనకు నోరు రాకూడదు. నా పోరు టైల్సు మీద కాదు, మెరుపు మీద. ఈ తేడా గుర్తుపెట్టుకొని ముందుకు చదవండి.

ఆ టైల్సు ఎంత కష్టం మీద వస్తాయో కూడా చెప్పాలి. మా తీరంలోని మత్స్యకారులు ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వేటలో ఉన్న ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరలేదు. మనుషులు వెళ్ళేది సౌరాష్ట్రకు. మన ఇళ్ళలో పరిచే టైల్సులో అత్యధిక భాగం తయారయ్యే మోర్బీ ఉన్నదీ ఆ సౌరాష్ట్రలోనే. అక్కడి సముద్రంలో ప్రాణాలొడ్డి తెచ్చిన సొమ్ము, అక్కడి కొలిమిలో కాలిన పలకగా మారి మా ఊరికి వస్తున్నది. అంత ఖరీదైన సొమ్ముతో కొన్నది ఇంట్లోని ముసలివాళ్ళ ఎముకలు విరగ్గొడితే, అది నష్టం కాదు, అన్యాయం.

ఇక అంగడి సంగతి. పట్నంలో నేను వెళ్ళిన దుకాణదారు నన్ను ఆప్యాయంగానే కూర్చోబెట్టాడు. "ఇప్పుడంతా ఇదే నడుస్తోంది మాస్టారూ. నీరు పీల్చదు, మరక పట్టదు, గీత పడదు" అన్నాడు. మూడు మాటల్లో మొదటి రెండూ నిజం. విట్రిఫైడ్ టైల్సు అంటే మట్టి, ఫెల్డ్‌స్పార్, సిలికా కలిపి గట్టిగా అదిమి, సుమారు 1200 డిగ్రీల వేడిలో గాజులా కరిగేదాకా కాల్చినవి. అవి పీల్చే నీరు వాటి బరువులో 0.5 శాతానికి మించదు. గోడలకు వేసే మామూలు పలకలు 10 శాతానికి పైగా పీలుస్తాయి. ఇది గొప్ప గుణమే. కాని నేల పీల్చని నీరు ఎక్కడికి పోతుంది? పైననే నిలుస్తుంది. తుంపర పడిన ఉదయం, సముద్రపుగాలి లోపలికి వచ్చినప్పుడు, చల్లని పలక మీద చెమ్మ పేరుకుంటుంది. కంటికి కనబడదు, కాలికి తెలుస్తుంది. మా నాన్నగారి హయాంలో వేసిన ఎర్రరంగు సిమెంటు గచ్చు ఆ చెమ్మను కొంత తాగేది. అద్దం తాగదు.

మూడో మాట, గీత పడదన్నది, మా ఊరికి పనికిరాదు. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7. పైగా శ్రీకాకుళం తీరపు ఇసుకలో గార్నెట్ ఉంది. ఎర్రగా, నల్లగా చారలుగా కనిపించేది అదీ, దాని తోటి ఖనిజాలూను. గరుకు కాగితాలు చేయడానికి లోకమంతా వాడే ఖనిజం అది. అంటే మా పిల్లలు కాళ్ళకు అంటించుకొని వచ్చే ఇసుక సహజంగా దొరికిన ఉప్పుకాగితమన్నమాట! రెండేళ్ళలో మా నడవాలో కాళ్ళు తిరిగినంత మేరా మెరుపు చచ్చిపోయింది. ఏ మెరుపు కోసం అమ్మను పడేశానో ఆ మెరుపూ మిగల్లేదు.

దుకాణంలో నేను అడగని ప్రశ్న ఒకటుంది. జారుడును కొలిచే పద్ధతి ఉన్నదా? ఉంది. జర్మనీలో పుట్టిన పరీక్ష అది. మనిషిని వాలుబల్ల మీద నిలబెట్టి, వాలు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎన్ని డిగ్రీల దగ్గర జారతాడో చూస్తారు. బూట్లు తొడిగి, బల్ల మీద నూనె పోసి చేసే పరీక్షకు ఆర్ 9 నుంచి ఆర్ 13 వరకు తరగతులు. ఆర్ 9 అంటే 6 నుంచి 10 డిగ్రీల దాకా నిలవడం, అందులో ఇదే అట్టడుగు. రెండో పరీక్ష వట్టికాళ్ళతో, సబ్బునీళ్ళ మీద చేసేది. దీనికి ఏ, బీ, సీ అని తరగతులు: వరుసగా 12, 18, 24 డిగ్రీలు. ఆలోచించండి. మనం ఇంట్లో బూట్లతో తిరిగే జాతి కాదు. గడప దగ్గరే చెప్పులు విడుస్తాం. మనకు కావలసినది రెండో పరీక్ష. స్నానాల గదికి, వంటింటికి, చేపలు కడిగే పెరటి వసారాకు బీ తరగతికి తగ్గకుండా అడగడం మన హక్కు. ఆ అంకె ఏ పెట్టె మీదా కనబడకపోతే తయారీదారు వివరపత్రం తెప్పించమని పట్టుబట్టాలి. వంద రూపాయల చీరకు రంగు పోతుందా అని పదిసార్లు అడిగే మనం లక్ష రూపాయల నేలకు కాలు జారుతుందా అని ఒక్కసారి అడగం.

ఇందుకు నాకు ఎదురైన వాదాలు మూడు. గరుకు నేల మురికి పట్టుకుంటుందని ఒకటి. కొంత నిజమే. కాని నేను అడుగుతున్నది రంపపు పళ్ళలాంటి గరుకు కాదు. మెరుగు పెట్టని మ్యాట్ పలకను తుడవడం ఏమంత కష్టం కాదు. మెరుపు లేకపోతే ఇల్లు చీకటిగా ఉంటుందని రెండోది. వెలుతురు కిటికీల్లోంచి రావాలి గాని నేలలోంచి కాదు. మూడోది వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది: "పెద్దవాళ్ళు చూసుకొని నడవాలి కదండీ!" ఆసుపత్రి వరండాలో ఒక బంధువు నాతో అన్న మాట అది. అరవై ఏళ్ళు ఆ ఊరి గట్ల మీద, ఇసుకలో, బురదలో తట్ట నెత్తిన పెట్టుకొని నడిచిన మనిషికి సొంత ఇంట్లో నడక నేర్పుతామా? నేల తప్పును కాలి మీదకు నెట్టేవారికి నా సమాధానం ఒక్కటే. ఇల్లు మనిషికి తగినట్లు ఉండాలి. మనిషి ఇంటికి తగినట్లు కుంచించుకుపోకూడదు.

అయితే రాయి వేయించరాదా అంటారు కొందరు. కూతవేటు దూరంలో టెక్కలి, అక్కడి నీలి గ్రానైటు పేరుమోసినది. కాని నునుపు పట్టిన గ్రానైటు తడిస్తే అదీ అద్దమే. మంటతో కాల్చి గరుకు తేల్చిన రాయి అయితే వసారాకు భేషుగ్గా ఉంటుంది. మెరుగు పెట్టని తాండూరు, బేతంచర్ల రాళ్ళూ మంచివే. మన రాయి గనుక పవిత్రమని మాత్రం అనను. క్వారీలోనూ, టైల్సు కార్ఖానాలోనూ లేచేది ఒకే సిలికా దుమ్ము, కూలివాడి ఊపిరితిత్తులకు పట్టేది ఒకే జబ్బు.

ఇంతకీ నేనేం చేశాను? ఇల్లంతా తవ్వించే స్తోమత లేదు. వంటిల్లు, స్నానాల గది, వసారా మాత్రం పగలగొట్టించి మ్యాట్ పలకలు వేయించాను. పాతవి లేపుతుంటే మరో నిజం బయటపడింది. సగానికి సగం డొల్ల. నీరు పీల్చని పలక ఒట్టి సిమెంటు పాలను సరిగా పట్టుకోదు, గమ్ము వాడాలి. ఉప్పు ఇసుక కలిపిన మాలు చెమ్మను పిలుస్తుంది, సందుల్లో తెల్లగా పూస్తుంది. ఈసారి ఏటి ఇసుకే తెప్పించి, పలక అడుగంతా మాలు పరుచుకున్నదో లేదో రూపాయి బిళ్ళతో కొట్టి చూశాం. నడవా గోడకు అమ్మ చేతికి అందేటట్లు కడ్డీ బిగించాం.

కొనే ముందు మరో పని చేశాను. నాలుగు రకాల పలకలు ఇంటికి తెప్పించి, పెరట్లో పరిచి, చెంబుడు నీళ్ళు పోశాను. అమ్మ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కదాని మీదా అరికాలు రాసి చూసింది. మూడింటికి పెదవి విరిచింది. నాలుగోది బూడిదరంగుది, అన్నింటిలోకీ చవకది, దుకాణంలో మూల పడి ఉన్నది.

"ఇది నేల్లాగుంది" అంది.

కాదనేవారు నిరభ్యంతరంగా వాదించవచ్చు. ముందుగా మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని పిలిచి, నేల మీద ఒక చెంబు నీళ్ళు పోసి, మీరు కూడా చెప్పులు విడిచి రండి.