ఎన్‌బీఏ చూద్దాం, ఫీబా ఆడదాం

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల మన ఇళ్లలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు ఉన్నారు. వాళ్లకి గురువులు ఇద్దరు. ఒకరు పీటీ మేష్ట్రు, ఇంకొకటి మొబైల్. మొబైల్లో వచ్చేది ఎక్కువగా అమెరికా ఎన్‌బీఏ ఆట. మన దేశపు ఫెడరేషన్ పాటించేది మటుకు ఫీబా, అంటే అంతర్జాతీయ సమాఖ్య రూల్స్. ఈ రెండిటి మధ్యలో పిల్లలు తికమక పడతారు. అందుకే మేము చెప్పేదేమంటే, ముందు ఫీబా ఆట నేర్పించాల. ఎన్‌బీఏని చూసి ఆనందించచ్చు, తప్పులేదు.

తేడాలు చిన్నవేమీ కావు. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, ఫీబాది 40. అక్కడ ఆరో ఫౌల్‌కి ఆటగాణ్ణి బయటికి పంపుతారు, ఇక్కడ ఐదోదానికే. మూడు పాయింట్ల గీత రింగుకి ఎదురుగా అక్కడ 7.24 మీటర్ల దూరంలో ఉంటే ఇక్కడ 6.75. అక్కడ ఆడేవాడే టైమౌట్ అడగచ్చు, ఇక్కడ కోచ్ మాత్రమే అడగాల. వేసిన బంతి రింగుకి తగిలి పైన ఊగులాడుతుంటే ఫీబాలో ఎవరైనా తట్టేయచ్చు. ఎన్‌బీఏలో అది రింగు మీద ఉన్నంతసేపు ముట్టరాదు.

ఆట తీరునే మార్చేసే రూల్ ఇంకొకటి ఉంది. ఎన్‌బీఏలో డిఫెన్స్ చేసేవాడు ఎవర్నీ దగ్గరుండి కాయకుండా రింగు ముందర రంగు వేసిన చోట ఊరికే మూడు సెకన్లకన్నా ఎక్కువ నిలబడరాదు. ఫీబాలో ఆ అడ్డు లేదు. దాంతో అక్కడ రింగు ముందర జాగా దొరుకుతుంది, మొనగాడు ఒక్కడే బంతి తీసుకొని దూసుకుపోవచ్చు. ఇక్కడ అట్లా పోతే పొడుగాటి మనిషి గోడలాగా నిలబడి ఉంటాడు. పాస్ ఇవ్వాల, కదలాల, మళ్లీ పాస్ అందుకోవాల. వీడియోలు చూసి ఒంటరిగా దూరేది నేర్చుకున్న పిల్లోడికి జోన్ డిఫెన్స్ ఎదురైతే ఏం చెయ్యాల్నో తోచదు. ఐదో ఫౌల్‌కి విజిల్ వేస్తే, ఇంకొకటి ఉంది కదా అని రెఫరీ ముఖం చూస్తాడు.

ఆట పుట్టింది అమెరికాలోనే కదా, అసలు రూల్ వాళ్లది కాదా అని కొందరు అడుగుతారు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ దీన్ని మొదలుపెట్టింది నిజమే. అయితే ఆయన రాసిన 13 రూల్స్‌లో డ్రిబ్లింగే లేదు, బంతి పట్టుకున్న చోటినుంచే విసరాల. అంతెందుకు, అమెరికాలో ఉండే మన అన్నదమ్ముల పిల్లల్నే అడగండి. వాళ్ల హైస్కూల్ మ్యాచ్ మామూలుగా 32 నిమిషాలు, ఐదు ఫౌల్స్. కాలేజీలో 40 నిమిషాలు, అక్కడా ఐదే. మగపిల్లల కాలేజీ ఆటలో 2019లో మూడు పాయింట్ల గీతని కూడా ఫీబా దూరానికే జరిపారు. అమెరికా పిల్లలే ఆడని ఎన్‌బీఏ రూల్ మన పిల్లలకెందుకు?

ఫీబా ఆట తక్కువదని కూడా అనుకోరాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఎన్‌బీఏ ఆటగాళ్లతో వచ్చిన అమెరికా మూడు మ్యాచ్‌లు ఓడి కంచుతో సరిపెట్టుకుంది, బంగారం అర్జెంటీనాకి పోయింది. 2023 ప్రపంచకప్‌లో జర్మనీ గెలిచింది, అమెరికా నాలుగో చోట నిలిచింది. సెర్బియా యోకిచ్, గ్రీస్ యాన్నిస్ ఇద్దరూ చిన్నప్పుడు తమ దేశాల్లో ఆట నేర్చుకుని, తర్వాత ఎన్‌బీఏకి పోయి ఒకటికన్నా ఎక్కువసార్లు అక్కడి మేటి ఆటగాళ్లు అనిపించుకున్నారు. ఇక్కడి పద్ధతి గట్టిగా నేర్చుకున్నవాడు అక్కడికి పోయినా నిలబడతాడు.

మనలాంటి కుటుంబాలకి ఇది కొత్త సంగతి కాదు. కోస్తా చుట్టాలు మన మాట విని ఇదేం తెలుగని నవ్వుతారు. టీవీలో వచ్చేదే అసలు తెలుగని మన పిల్లలూ అనుకుంటారు. కైవారం తాతయ్య ఈ నేల మీదనే తెలుగులోనూ కన్నడలోనూ పాడారు. ఏ చోటి పలుకు ఆ చోటికి అతుకుతుంది. దూరంనుంచి గట్టిగా వినబడేదే సరైనదని అనుకుంటే కాళ్ల కింద ఉండేది కనబడకుండా పోతుంది.

కాబట్టి స్కూల్ కమిటీల్లో ఉండే మనవాళ్లకి ఒక మనవి. కోర్టుకి రంగు వేయించేటప్పుడు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 6.75 మీటర్ల గీత ఉండేట్టు చూడండి. జాగా చాలకపోతే గీత దూరమైనా సరిగా పెట్టించండి. ఫీబా రూల్స్ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో పెద్ద చదువు చదివినవాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని అందులోని ఫౌల్స్ భాగం ఒక్కటైనా తెలుగులోనో కన్నడలోనో చెప్పండి. గ్రౌండ్ బయట నిలబడి రెఫరీ మీద అరిచే ముందు మనమూ ఒకసారి చదువుకుందాం.