గులాబీ పురుగుకు లొంగిన బీటీ పత్తి

తోరణగల్లు పేరు వినగానే నేడు అందరికీ ఉక్కు కర్మాగారమే స్ఫురిస్తుంది. అయితే అక్కడి నుంచి బళ్ళారి మీదుగా రాష్ట్ర సరిహద్దు వైపు సాగే నల్లరేగడి భూములకు పత్తి ఏనాటి నుంచో పరిచితమైన పంట. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు చెందాయి. ఆ గీత పత్తి బేరానికి అడ్డు కాలేదు. పత్తిని తినే పురుగుకూ అడ్డు కాలేదు. బీటీ పత్తి నేడు గులాబీరంగు పురుగును ఎందుకు ఆపలేకపోతున్నదో తెలుసుకోవాలంటే ఈ రెండవ విషయాన్ని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగక పత్తి రైతును నిలువునా ముంచింది. ఆ చేదు అనుభవం మరువక ముందే, 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో ప్రవేశపెట్టగా, మొక్క తానే క్రై 1ఏసీ అనే విషప్రోటీనును తయారు చేసుకుంటుంది. 2006లో క్రై 2ఏబీ అనే రెండవ ప్రోటీనును కూడా జోడించి బోల్‌గార్డ్-2ను విడుదల చేశారు. శనగపచ్చ పురుగు బాధ చాలావరకు తగ్గింది. గులాబీ పురుగు విషయంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. మొదటి ప్రోటీనును అది తట్టుకుంటున్నదని 2010లో గుజరాత్ నుంచి వార్త వెలువడింది. 2015 నాటికి రెండు జన్యువుల పత్తి సైతం అక్కడ దెబ్బతిన్నది. ఆ తరువాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకూ ఆ బెడద విస్తరించింది.

ఒకే మొక్క ఒక పురుగును ఆపి, మరొక పురుగుకు లొంగిపోవడానికి కారణమేమిటి? శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప, టమాటా వంటి పలు పంటలపై బతుకుతుంది. బీటీ రుచి చూడని పురుగులు ఆ చేలలో ఎప్పుడూ ఉంటాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తి ఒక్కటే ఆహారం. ఊరంతా బీటీ పత్తే వేస్తే దానికి బీటీ తప్ప వేరే తిండి లేదు. తట్టుకున్నది మిగులుతుంది, మిగిలినదే సంతానాన్ని పెంచుకుంటుంది.

దీనికి విరుగుడుగా నిర్దేశించినదే ఆశ్రయ పంట. బీటీ చేను చుట్టూ ఐదు సాళ్ళు గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మేరకు నాన్‌బీటీ పత్తి వేయాలన్నది నిబంధన. అక్కడ పెరిగిన మామూలు తల్లి పురుగులు, తట్టుకున్న పురుగులతో జతకట్టినప్పుడు పుట్టే సంతానం చాలావరకు బీటీకి లొంగుతుంది. ఇందుకోసమే 450 గ్రాముల బీటీ సంచితో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ పొట్లం ఇచ్చారు. దానిని పారవేసిన రైతులే అధికం. ఎకరం, రెండెకరాల చిన్న రైతు పురుగు కోసం కొంత నేలను వదులుకోవడానికి ఇష్టపడకపోవడం సహజమే. తరువాత నాన్‌బీటీ గింజలను అదే సంచిలో కలిపి ఇచ్చే పద్ధతి వచ్చినా, అప్పటికే ఆలస్యమైంది.

రెండవ కారణం హైబ్రిడ్ విత్తనం. అమెరికా, ఆస్ట్రేలియాలలో సాగయ్యేవి సూటి రకాలు. అక్కడ కాయలోని ప్రతి గింజలోనూ బీటీ జన్యువు ఉంటుంది. మన దేశంలో దాదాపు అంతా హైబ్రిడ్ పత్తే. దాని కాయలో కొన్ని గింజలకు రెండు జన్యువులూ, కొన్నింటికి ఒక్కటే ఉంటాయి. సుమారు పదహారింట ఒక గింజకు ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. ఒకే కాయలో విషమున్న గింజ, విషం లేని గింజ పక్కపక్కనే ఉండటం దానికి తట్టుకునే శిక్షణ ఇచ్చినట్లే అయింది.

మూడవది మొక్కలోని ప్రోటీను మోతాదు. అది మొక్క జీవితకాలమంతా ఒకే తీరుగా ఉండదు. ఆకులలో ఎక్కువగా, పూల అండాశయంలో, కాయ తొక్కలో తక్కువగా ఉంటుంది. విత్తిన 110 రోజుల తరువాత బాగా క్షీణిస్తుంది. బెట్ట, నీటి ముంపు, తీవ్రమైన ఎండ, నత్రజని లోపం కూడా దానిని తగ్గిస్తాయి. గులాబీ పురుగు ఉధృతి పెరిగేదీ ఆ చివరి దశలోనే.

నాలుగవది పంటకాలం. కాలువ నీరో, బోరు నీరో ఉన్నచోట పత్తిని ఫిబ్రవరి, మార్చి వరకూ నిలపడం అలవాటైంది. బలం తగ్గిన మొక్కపై పురుగు ఒకటి రెండు తరాలు అదనంగా పెరుగుతుంది. ఏరని గుడ్డికాయలలో, దొడ్డిలో పేర్చిన పత్తికట్టెలో, జిన్నింగు మిల్లుల గింజలలో అది నిద్రావస్థలో ఉండి, మరుసటి పంటకు సిద్ధమవుతుంది.

గులాబీ పురుగు గుడ్డు నుంచి వెలువడగానే కాయలోకి చొరబడుతుంది, చొచ్చిన రంధ్రం పూడుకుపోతుంది. ఆ తరువాత ఎంత ఖరీదైన మందు కొట్టినా అప్పు పెరగడమే తప్ప పురుగు చావదు. కలుపుమందును తట్టుకుంటుందంటూ చాటుగా అమ్ముతున్న విత్తనానికి అనుమతి లేదు. ఆ అదనపు గుణం గులాబీ పురుగును ఆపేదీ కాదు.

అమెరికా తన పత్తి ప్రాంతాల నుంచి గులాబీ పురుగును నిర్మూలించినట్లు 2018లో ప్రకటించింది. అది ఒక్క బీటీ విత్తనంతో సాధ్యపడలేదు. మొదట ఆశ్రయ పంటను రైతులు నిష్ఠగా పాటించారు. ఆపై గొడ్డు పురుగులను విమానాలతో వదిలారు, లింగాకర్షక పదార్థాలను వాడారు, కోత ముగియగానే కట్టెను నేలలో కలిపివేశారు. పొరుగునున్న మెక్సికో ఉత్తర ప్రాంతమూ ఆ కృషిలో చేయి కలిపింది.

మనకు అంతటి సాధన సంపత్తి లేకపోవచ్చు. చేతిలో ఉన్న పనులు మాత్రం కొన్ని ఉన్నాయి. తక్కువ కాలంలో చేతికందే రకాలను తొలి వర్షాలకే విత్తడం, పూత దశ నుంచి లింగాకర్షక బుట్టలు పెట్టి వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి తల్లి పురుగులు పడితే మేల్కోవడం, విచ్చుకోని గుడ్డిపూలను ఏరి నాశనం చేయడం, డిసెంబరు చివరికల్లా పంట ముగించి కట్టెను తొలగించడం.

ఇవి ఒక్క రైతు చేస్తే ఫలితం స్వల్పం. ఒక ఊరు పంట ముగించి, గట్టు అవతలి ఊరు మార్చి దాకా నిలిపితే, ఆ పురుగు తిరిగి ఈ చేనుకే వస్తుంది. అందువల్ల పంట ముగించే తేదీని అటు బళ్ళారి జిల్లా, ఇటు కర్నూలు, అనంతపురం జిల్లాల వ్యవసాయ శాఖలు కలిసి నిర్ణయించి, కన్నడంలోనూ తెలుగులోనూ ఊరూరా చాటించడం అవసరం. ప్రభుత్వాలు కదిలేలోగా సరిహద్దు గ్రామాల పెద్దలే ఒకచోట కూర్చుని ఆ తేదీని నిర్ణయించుకున్నా తప్పు లేదు.