ముడి తప్పిన దండలు

పిల్లలూ! మల్లెదండ ఒకటి, కనకాంబరాల దండ ఒకటి పక్కపక్కనే వేలాడుతున్నవనుకోండి. రెండూ ఒకేసారి తెగినవి. ఎవరో చీకట్లో తొందరపడి, చేతికందిన కొసలు ముడివేశారు. తెల్లవారి చూస్తే మల్లెల సగానికి కనకాంబరాలు, కనకాంబరాల సగానికి మల్లెలు! పువ్వు ఒక్కటీ పోలేదు. వరస మాత్రం మారింది.

మన ఒంట్లో కూడా ఇటువంటిది జరుగుతుంది. దాదాపు ప్రతి జీవకణంలోనూ 46 క్రోమోజోములు ఉంటవి. ఏ పని ఎలా చెయ్యాలో శరీరానికి తెలిపే జన్యువులు వాటిలో, దండలో పువ్వుల్లాగా, వరసగా ఉంటవి. కణం రెండుగా చీలేముందు ఈ దండలన్నిటికీ నకళ్లు తయారు కావాలి. ఆ పనిలో అవి అప్పుడప్పుడు తెగుతవి. ఎక్స్-కిరణాలవంటివి తగిలినా తెగవచ్చు. తెగినవాటిని అతికే ఏర్పాటు కణంలోనే ఉన్నది. అది చాలామటుకు సరిగానే అతుకుతుంది. కాని రెండు క్రోమోజోములు ఒకేసారి, దగ్గరదగ్గరగా తెగితే, ఎప్పుడో ఒకప్పుడు ఒకదాని కొస రెండోదానికి అతుక్కుంటుంది.

ముడి తప్పినంతమాత్రాన జబ్బు రావాలని లేదు. పుట్టుకతోనే ఇలా కొసలు మారి, హాయిగా బతికేవారు ఉన్నారు. ఒక్కొక్కప్పుడు మాత్రం ముడిపడిన చోటు ప్రమాదమైనది.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒకరకం రక్తపు కాన్సరు రోగుల కణాలలో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉండటం కనిపెట్టారు. మరి తగ్గిన ముక్క ఏమైనట్టు? చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు. చికాగోలో జానెట్ రౌలీ అనే వైద్యురాలు క్రోమోజోముల ఫోటోలు కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్లమీద పరిచి పోల్చి చూసేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటున్నదని ఆమె పిల్లలు వేళాకోళం చేసేవారట! 22వ నంబరు క్రోమోజోములో తగ్గిన ముక్క 9వ దాని కొసన ఉన్నట్టు ఆమె గుర్తించి, 1973లో ప్రకటించింది.

ఈ తారుమారులో ఎన్నడూ పక్కపక్కన లేని రెండు జన్యువులు ఒకటైపోతవి. ఆ జంట "చీలు, చీలు" అని కణాన్ని తరుముతుంది. కణాలు అదుపు లేకుండా పెరిగిపోతవి. ఆ జంట ఆగడాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి లభించింది. వెనక కొద్ది ఏళ్లలోనే ప్రాణం తీసే ఈ జబ్బుతో ఇప్పుడు ఎంతోమంది మందు వాడుకుంటూ చాలాకాలం బతుకుతున్నారు.

ఒక్క విషయం మరవకండి. ఈ జబ్బులో ముడి తప్పినది పుట్టిన తరవాత, ఎక్కడో ఒక్క కణంలో. ఇది ఎవరి పాపఫలమూ కాదు, తల్లిదండ్రులనుంచి రాలేదు, ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. మీకు తెలిసినవారెవరికైనా ఈ జబ్బు చేస్తే, దూరంగా జరగకండి. పక్కన కూర్చుని నాలుగు కబుర్లు చెప్పండి.