అందరి పేరూ జార్జే

కిందటి సంచికలో మన బరంపురం స్టేషను ముచ్చట్లు రాస్తే చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. సంతోషం. ఒక సోదరి మాత్రం, "ఎప్పుడూ మన మెయిలూ పాసింజరూ ముచ్చట్లేనా? మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి రైళ్ళ సంగతి రాయకూడదా?" అని నిలదీశారు. న్యాయమైన మాటే. అయితే ఆ కథలో రైళ్ళతోపాటు కొంచెం మందూ, కొంచెం రాజకీయమూ కూడా వస్తాయి. కుటుంబ పత్రికలో కాక్‌టెయిళ్ళ గొడవేమిటని పెద్దలు కోప్పడకుండా చివరిదాకా చదవమని మనవి.

షికాగోలో మా అమ్మాయి ఉంటోంది. ఆ ఊళ్ళో విజ్ఞాన, పారిశ్రామిక ప్రదర్శనశాల అని పెద్ద మ్యూజియం ఉంది. అందులో వెండిలా తళతళ మెరిసే మూడు పెట్టెల రైలు ఒకటుంది. పేరు పయొనీర్ జెఫిర్. ఒళ్ళంతా తుప్పు పట్టని ఉక్కు. బొగ్గూ పొగా లేని డీజిల్ బండి. 1934 మే 26న తెల్లవారుజామున డెన్వర్‌లో బయల్దేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా 1,015 మైళ్ళు 13 గంటల 5 నిమిషాల్లో పరుగెత్తి షికాగో చేరిందట. అంటే సగటున గంటకి 77 మైళ్ళ పైచిలుకు. ప్రయాణికుల్లో ఒక గాడిద కూడా ఉంది. దాని పేరు జెఫ్. దానికి టిక్కెట్టు కొన్నారో లేదో ఎవరూ రాయలేదు!

ఆ సంవత్సరం చూడండి, 1934. అమెరికా ఆర్థికమాంద్యంలో పీకల్లోతు మునిగి ఉన్న కాలం. 1929 అక్టోబరులో షేర్ల బజారు కూలింది. 1933 నాటికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. రైళ్ళెక్కే జనం తగ్గిపోయారు, రైలు కంపెనీలు వరసగా దివాలా తీశాయి. మరి అలాంటి రోజుల్లో ఈ వెండి రైళ్ళేమిటి? అదే తమాషా. జనం మొహం చాటేశారు కనక వాళ్ళని మళ్ళీ రప్పించుకోవడానికి కంపెనీలు అంత సింగారం చేశాయి. 1931లో మొత్తం బండికి ఏర్‌కండిషన్ పెట్టారు. 1936లో షికాగో నుంచి లాస్ ఏంజిలిస్‌కి సూపర్ చీఫ్ వచ్చింది. 1938లో న్యూయార్కు, షికాగోల మధ్య నడిచే ట్వెంటియత్ సెంచరీ లిమిటెడ్ కొత్త రూపు కట్టి, 961 మైళ్ళు 16 గంటల్లో చేర్చింది. ఆ బండి ఎక్కేవాళ్ళకి న్యూయార్కు ప్లాట్‌ఫారం మీద ఎర్ర తివాచీ పరిచేవారు. బండిలో మంగలి ఉండేవాడు, ఉత్తరాలు టైపు చేసిపెట్టే గుమాస్తా ఉండేవాడు. రాత్రి భోజనాలయ్యాక దీపాలు తగ్గించి, పాటలు పెట్టి, భోజనాల పెట్టెనే విలాసశాలగా మార్చేసేవారు. అదే కాలంలో పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగే లక్షలమంది, పదహారేళ్ళ కుర్రాళ్ళతో సహా, గూడ్సు బండ్ల కప్పుల మీద దొంగతనంగా ప్రయాణం చేసేవారు. పట్టాలు అవే. ప్రయాణాలు వేరు.

ఆ విలాసశాలలో గాజు గ్లాసుల్లోకి ఏం పోసేవారో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కాక్‌టెయిల్ అంటే మరేం లేదు. మన శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు కలిపినట్టు, వాళ్ళు సారాలో పంచదార, నీళ్ళు, చేదు మూలికల రసం కలిపేవారు. 1806లోనే న్యూయార్కు రాష్ట్రంలోని ఒక పత్రిక ఈ మాటకి ఇలా అర్థం చెప్పింది. పానకానికి పుణ్యం ఉంది, దీనికి లేదు, అంతే తేడా. అయితే 1920 జనవరిలో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చింది. దాని వెనక ఆడవాళ్ళ పోరాటం ఉంది. తాగి వచ్చే మొగుళ్ళతో విసిగిన ఇల్లాళ్ళు 1874లోనే సంఘం పెట్టుకుని దశాబ్దాల తరబడి పోరాడారు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారాకి ఎదురు తిరిగారే, ఆ కడుపుమంటే ఇదీను.

కాని చట్టం వచ్చినంత సులువుగా తాగుడు పోలేదు. దొంగచాటు దుకాణాలు వెలిశాయి, గూండాలు కోటీశ్వరులయ్యారు. నాటు జిన్ను ఘాటు తెలియకుండా తేనే, నిమ్మరసం, పళ్ళరసం కలిపి అమ్మారు. 1930లో అల్లం మందు పేరుతో అమ్మిన కల్తీ సరుకు తాగి వేలమంది కాళ్ళు పడిపోయి అవిటివాళ్ళయ్యారు. ఆ తాగినవాళ్ళలో ఎక్కువమంది మంచి సరుకు కొనుక్కునే స్తోమతు లేని పేదవాళ్ళే. అప్పుడు మళ్ళీ ఆడవాళ్ళే ముందుకొచ్చారు. 1929లో పాలిన్ సేబిన్ అనే ఆవిడ, ఈ నిషేధం వల్ల పిల్లలకి చట్టమంటే భయభక్తులు లేకుండా పోతున్నాయని, దాన్ని రద్దు చేయాలని ఇంకో మహిళా సంఘం పెట్టింది. లక్షలమంది చేరారు. తెచ్చిందీ ఆడవాళ్ళే, తీసేయమన్నదీ ఆడవాళ్ళే. రెండుసార్లూ వాళ్ళ దిగులు ఇంటి గురించే.

ఇక రాజకీయం. మాంద్యంలో జనానికి ఆదాయం లేదు, కనక ప్రభుత్వానికి ఆదాయపు పన్నూ రాలేదు. మద్యం మీద సుంకం వస్తే ఖజానాకి ఊపిరి వస్తుందని తెలిసింది. 1932 ఎన్నికల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నిషేధం ఎత్తేస్తామన్నాడు. ప్రత్యేక రైలెక్కి వేల మైళ్ళు తిరిగి, పెట్టె వెనక వసారాలో నిలబడి జనంతో మాట్లాడి గెలిచాడు. 1933 ఏప్రిల్‌లో బీరు వచ్చింది. డిసెంబరు 5న నిషేధమే పోయింది. ఖజానా లెక్కల ముందు సిద్ధాంతాలు ఎంతసేపు నిలుస్తాయో మనకి తెలియనిదా? రాజాజీ 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఆంధ్రలో 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలింది. ఆ రెండేళ్ళూ ఇచ్ఛాపురం వైపు నుంచి మా బరంపురం వచ్చే బస్సులు సాయంకాలాలు ఎందుకంత కిటకిటలాడేవో మా వీధి పిల్లలకి కూడా తెలుసు.

అమెరికాలో నిషేధం పోయినా కొన్ని రాష్ట్రాలు దాన్ని వదల్లేదు. 1972లో కూడా కాన్సాస్ రాష్ట్రం మీదుగా పోయే రైల్లో గ్లాసుల్లో పోసి మందు అమ్ముతున్నారని అక్కడి ప్రభుత్వ న్యాయాధికారి స్వయంగా బండి ఆపించి దాడి చేశాడు. రైలుకి సరిహద్దు లేదు గాని సీసాకి ఉంది!

రూజ్‌వెల్ట్ దొరగారి సంగతి ఇంకొకటి చెప్పాలి. సాయంత్రమైతే తన చదువుల గదిలో స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని తన చేత్తోనే కాక్‌టెయిళ్ళు కలిపేవాడు. ఆయన కలిపినవి బాగుండేవి కావని తాగినవాళ్ళే రాశారు. 1921లో పోలియో వచ్చి కాళ్ళు చచ్చుపడిన మనిషి. ఎవరి సాయమూ లేకుండా పదిమందికి తన చేత్తో ఏదైనా అందించడంలో ఆయనకి తృప్తి ఉండేదేమో అని నాకనిపిస్తుంది. ఆయన భార్య ఎలినార్‌కి మాత్రం ఆ వేళ గిట్టేది కాదు. ఆవిడ తండ్రి తాగుడుకి బలై 1894లో పోయాడు, అప్పటికి ఆవిడకి పదేళ్ళు నిండలేదు. తమ్ముడూ ఆ దారినే పోయాడు. ఒకే ఇంట్లో ఒకరికి ఆటవిడుపు, ఇంకొకరికి పాతగాయం. ఇలాంటి ఇళ్ళు మనకీ తెలుసు.

సరే, గ్లాసులో ఏముందో చెప్పాను. ఆ గ్లాసున్న పళ్ళెం ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు. అసలు కథ అదే.

అమెరికా రైళ్ళలో పడక పెట్టెలన్నీ చాలావరకు పుల్మన్ కంపెనీవి. వాటిలో పక్కలు వేసి, సామాను మోసి, బూట్లు పాలిష్ చేసి, రాత్రంతా పిలిస్తే పలికే పోర్టర్లు దాదాపు అందరూ నల్లజాతివాళ్ళు. మొదటి తరంలో చాలామంది బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళే. నెలకి సుమారు 400 గంటల పని. జీతం తక్కువ, బతుకు బక్షీసుల మీద. పాలిష్ డబ్బా కూడా తమ డబ్బుతోనే కొనుక్కోవాలి. ప్రయాణికులు వాళ్ళందరినీ ఒకే పేరుతో పిలిచేవారు: జార్జ్. కంపెనీ యజమాని పేరు జార్జ్ పుల్మన్ కదా, బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు అలా మిగిలిపోయింది. దీన్ని ఆపాలని ఒక సంఘం కూడా పుట్టింది. పెట్టింది పోర్టర్లు కారు, తమ పేరు పాడైపోతోందని బాధపడ్డ తెల్లజాతి జార్జిలు! వాళ్ళ గొడవ పడలేక 1926లో కంపెనీ ప్రతి పెట్టెలో పోర్టరు పేరు రాసిన చీటీ పెట్టింది. లెక్క తీస్తే దాదాపు 12,000 మందిలో నిజంగా జార్జ్ అనే పేరున్నవాళ్ళు 362 మంది!

అంతకు ముందే, 1925 ఆగస్టులో, ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకుడిగా పోర్టర్లు న్యూయార్కులో సంఘం పెట్టుకున్నారు. చేరినవాళ్ళని కంపెనీ పనిలోంచి తీసేసింది. పన్నెండేళ్ళు పట్టు వదలకుండా నిలబడ్డారు. రూజ్‌వెల్ట్ కాలంలో, 1934లో, రైల్వే కార్మిక చట్టం సవరించాక వాళ్ళకి బలం వచ్చింది. 1937 ఆగస్టు 25న కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకి పని 240 గంటలకి తగ్గింది, జీతాలు పెరిగాయి. ఆ రాండాల్ఫే 1963లో వాషింగ్టన్ మహా ప్రదర్శనకి పెద్దగా నిలిచాడు. 1955లో మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ వెనక నిలిచిన ఈ.డి. నిక్సన్ కూడా పుల్మన్ పోర్టరే.

వెండి రైలు పక్కన నిలబడి మా అమ్మాయి ఈ కథంతా చెప్పి, "నాన్నా, తాతగారు కూడా ఇలాంటి ఉద్యోగమే కదా?" అంది. నా నోట మాట రాలేదు. ఎందుకో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా నాన్న మెయిలు బండి భోజనాల పెట్టెలో బేరరు. తెల్ల కోటు, తలపాగా, నడుముకి పటకా. సింహాచలం స్వామి పేరు పెట్టుకున్న మనిషి. ముప్ఫై ఏళ్ళ పైన చేసిన ఆ ఉద్యోగంలో ఆయన్ని ఆ పేరుతో పిలిచిన ప్రయాణికుడు ఉన్నాడనుకోను. "బేరర్", "బాయ్". తల నెరిసినా బాయే. నేను కాలేజీ అప్లికేషన్లలో తండ్రి వృత్తి అన్నచోట "రైల్వే ఉద్యోగి" అని రాసి ఊరుకునేవాణ్ణి.

1973లో స్నేహితులతో కలిసి ఆ బండిలోనే మద్రాసు వెళుతున్నాను. ఆ రోజు నాన్నకి వేరే బండి డ్యూటీ అనుకున్నాను. ఆయనే పళ్ళెం పట్టుకుని వచ్చారు. నన్ను చూసి మొహం వెలిగింది. పక్కనున్న స్నేహితుడు, "ఏరా, టీ చెప్పు" అన్నాడు. నేను, "బేరర్, నాలుగు టీ" అన్నాను.

ఆయన మొహంలో వెలుగు ఆరిపోవడం ఒక్క క్షణమే కనిపించింది. "సరే సార్" అని వెళ్ళి నాలుగు టీలు తెచ్చారు. నా కప్పులో పంచదార నాకు కావలసినంతే ఉంది. ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తలేదు. పోయేదాకా ఎత్తలేదు. నేనూ క్షమాపణ అడగలేదు.

అక్కడ జార్జ్ అని పిలిచినవాళ్ళు పరాయివాళ్ళు. ఇక్కడ పిలిచింది నేను. ఆ తేడా మా అమ్మాయికి చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "తాతగారు టీ పెట్టడంలో దిట్టట కదా, మామ్మ చెప్పేది. ఎలా పెట్టేవారు?" అని అడిగింది. చెప్పాను.

పాఠక సోదరులకూ సోదరీమణులకూ ఒక విన్నపం. ఖుర్దా రోడ్డు, హుబ్బళ్ళి, షోలాపూరు, అరక్కోణం, ఇంకా ఎన్ని రైలు ఊళ్ళలోనో మన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మీ తాతలు ఫైర్‌మన్లో, గ్యాంగుమన్లో, కలాసీలో, బేరర్లో అయి ఉంటారు. వాళ్ళ కథలు మన సంఘానికి రాసి పంపండి. "రైల్వే ఉద్యోగి" అని ఊరుకోవద్దు. ఏం పని చేశారో రాయండి, పేరుతో సహా రాయండి. పై సంచికకి నా మొదటి కాగితం నేనే ఇస్తున్నాను, మా నాన్నగారి పేరు పైన రాసి.

ఉంటాను. సెలవు.