ముప్పై సెకన్ల గుస్సాడి

కళా సంస్థలు మన గుస్సాడిని ముప్పై సెకన్లకు కోసి, సినిమా పాట అతికించి, కింద ‘గిరిజన నృత్యం’ అని రాసి రీల్స్‌గా వదులుతున్నాయి. ఏ గూడెం? ఎవరి ఆట? చెప్పరు. దండారి మనకు దీపావళి రోజుల నిష్ఠ. నెమలి ఈకల టోపీ మనం పూజించేది, స్టేజీ అలంకరణ కాదు. మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చింది జీవితకాల సాధన, లైకులు కాదు. ఇప్పుడు మన పిల్లలూ రీల్ చూసే అడుగు నేర్చుకుంటున్నారు!

ఫోన్ మనకు శత్రువు కాదు. గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. ఎన్ని వీడియోల కింద ఆ అక్షరాలు కనిపిస్తున్నాయి? యువకులారా, ఉపాధ్యాయులారా! పెద్దలను అడిగి మనమే తీద్దాం. ఊరి పేరు, ఆడినవారి పేర్లు, పాట అర్థం మన లిపిలోనూ తెలుగులోనూ రాద్దాం. మన ఆటతో ప్రేక్షకులను పోగేసుకునే సంస్థలను అనుమతి పత్రం, కళాకారుల వాటా అడుగుదాం.